మోడల్ రైలు పెట్టెకు ఎయిర్‌బ్రష్‌తో రంగు వేయడం ఎలా? మొదటిసారి పట్టుకునేవారికి

ఎయిర్‌బ్రష్, అంటే గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటి చిన్న గన్, కొన్న కొత్తలో దాదాపు అందరూ అడిగేది ఒకటే: "పెయింట్ గరుకుగా వస్తోంది, మధ్యమధ్య ఉమ్మినట్టు చుక్కలు పడుతున్నాయి, ఇంకా మంచి గన్ కొనాలా?" అక్కర్లేదు. చాలాసార్లు తప్పు గన్‌లో ఉండదు. పెయింట్ ఎంత పలచన చేశారు, గాలి ఒత్తిడి ఎంత పెట్టారు, ఎంత దూరం నుంచి కొట్టారు, పూతకూ పూతకూ మధ్య ఎంతసేపు ఆగారు అన్న నాలుగింటిలో ఎక్కడో ఉంటుంది.

ఒక్క లెక్క చూడండి. హెచ్‌ఓ స్కేల్ అంటే 1:87. ఆ మోడల్ మీద 0.1 మి.మీ. మందాన పెయింట్ పేరుకుంటే, అసలు రైలు మీద 8.7 మి.మీ. మందాన పూసినట్టు లెక్క. ఎన్ స్కేల్‌లో, అంటే 1:160లో, అదే పూత 16 మి.మీ. అవుతుంది. రివెట్లు మాయమైపోవడం, తలుపు సందులు పూడిపోవడం ఇందువల్లే. కింద చెప్పే పనుల్లో ఎక్కువ భాగం ఆ పూతను పలచగా ఉంచడానికే.

మొదలుపెట్టే ముందు మాట విషయంలో ఒక తికమక తీర్చుకుందాం. మన వాడుకలో బోగీ అంటే పెట్టె మొత్తం. మోడల్ విడిభాగాల జాబితాల్లో మాత్రం బోగీ అంటే పెట్టె కింద చక్రాలను పట్టి ఉంచే చట్రం ఒక్కటే. ఇక్కడ బోగీ అన్నప్పుడల్లా ఆ చట్రమే. పై భాగాన్ని బాడీ అందాం.

## కావలసినవి

- ఎయిర్‌బ్రష్: డ్యుయల్ యాక్షన్ (ఒకే ట్రిగ్గర్‌తో గాలి, రంగు వేర్వేరుగా వదిలేది), పైన పెయింట్ పోసే కప్పు ఉన్న రకం, 0.3 లేదా 0.35 మి.మీ. నాజిల్. 0.2 నాజిల్‌తో సన్న గీతలు బాగా వస్తాయి కానీ ఊరికే మూసుకుపోతుంది, కొత్తవారికి అది శిక్ష. 0.5 పెద్ద బాడీలకు, ప్రైమర్‌కు (రంగుకు ముందు వేసే అడుగు పూతకు) బాగుంటుంది.
- కంప్రెసర్: గాలి ట్యాంకు, ప్రెషర్ రెగ్యులేటర్, నీటిని పట్టే ఫిల్టర్ ఉన్నది. ట్యాంకు లేని చిన్న కంప్రెసర్‌తోనూ పని జరుగుతుంది కానీ గాలి దడదడమని అలలుగా వస్తుంది. గాలి డబ్బాలు వద్దు. కొడుతున్నకొద్దీ డబ్బా చల్లబడి ఒత్తిడి పడిపోతుంది, సరిగ్గా మీరు బాడీ మధ్యలో ఉన్నప్పుడు.
- పెయింట్, దాని సొంత థిన్నర్, దాని సొంత క్లీనర్: మూడూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి.
- ప్లాస్టిక్ ప్రైమర్, గ్లాసీ క్లియర్ (మెరిసే పారదర్శక పూత), సాటిన్ (కొద్దిగా మెరిసే) లేదా మ్యాట్ (మెరుపు లేని) క్లియర్.
- మోడళ్ల కోసం అమ్మే మాస్కింగ్ టేప్: 6 మి.మీ., 18 మి.మీ. రెండూ. గోడలకు రంగు వేసేవారు వాడే టేప్ అంచు గరుకుగా ఉంటుంది, జిగురు కూడా ఎక్కువ.
- కొత్త బ్లేడ్ ఉన్న కత్తి, స్టీల్ స్కేలు, అద్దం ముక్క (టేప్ కోయడానికి).
- చుక్కలు లెక్కపెట్టడానికి డ్రాపర్లు, కలపడానికి చిన్న కప్పులు, నాజిల్ బ్రష్‌లు, ఇయర్ బడ్స్, పీచు రాలని గుడ్డ.
- బాడీని పట్టుకోవడానికి చెక్క దిమ్మ, రెండువైపులా అంటుకునే టేప్.
- మాస్క్, చేతి గ్లవ్స్, గాలిని బయటికి లాగే స్ప్రే బూత్.

మాస్క్ గురించి: దుమ్ముకు కట్టుకునే మాస్క్ రంగు తుంపరను కొంత ఆపుతుంది కానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. ఎనామెల్, లాకర్, ఆల్కహాల్ ఉన్న యాక్రిలిక్ వాడితే ఆర్గానిక్ ఆవిరులను పీల్చే కార్ట్రిడ్జ్, దాని ముందు రేణువుల ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్ పెట్టుకోవాలి. నీటి యాక్రిలిక్ కదా అని వదిలేయకండి. వాసన లేకపోయినా రంగు పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. దగ్గర్లో మంట, వెలిగే స్టవ్, నిప్పురవ్వలు రాల్చే మోటారు ఏదీ ఉండకూడదు. రెండు భాగాలు కలిపే, గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్ అనే హానికర రసాయనం ఉండే కారు క్లియర్ కోట్ల జోలికి ఇంట్లో అసలు పోవద్దు.

ఏ రకం పెయింట్? వాసన తక్కువ కావాలంటే నీటి యాక్రిలిక్. నాజిల్ మొన మీద ఎండిపోవడం దీని జబ్బు. ఆల్కహాల్ ఆధారిత యాక్రిలిక్, టామియా లాంటిది, ఎయిర్‌బ్రష్‌లో సాఫీగా నడుస్తుంది కానీ వాసన ఉంటుంది. ఎనామెల్ నిదానంగా ఆరుతుంది కాబట్టి నునుపుగా పరుచుకుంటుంది, ఓపిక మాత్రం కావాలి. మొదటి మోడల్‌కు మొదటి రెండింటిలో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడి ఉండండి. వాటినీ వీటినీ కలపొద్దు. ఉదాహరణకు వల్లెహో నీటి యాక్రిలిక్‌లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోస్తే విరిగిన పాలలా గడ్డలు కడుతుంది. అది నాజిల్‌లో జరిగితే ఆ సాయంత్రమంతా శుభ్రం చేయడమే పని.

మొదటి మోడల్‌గా ఇంజిన్ వద్దు. పాత గూడ్స్ వ్యాగనో, విరిగిన పెట్టో తీసుకోండి. ఒకే రంగు.

## 1. ముందు కాగితం మీద

డ్యుయల్ యాక్షన్ ట్రిగ్గర్ కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే పెయింట్. వేలికి అలవాటు కావాల్సింది ఒక్కటే క్రమం: గాలి మొదలు, తర్వాత రంగు, ఆపేటప్పుడు రంగు ముందు ఆగాలి, గాలి చివర్న. ట్రిగ్గర్‌ను ఒక్కసారిగా వదిలేస్తే సూది మొన దగ్గర పెయింట్ మిగులుతుంది, మళ్లీ నొక్కగానే అది చుక్కలా ఎగిరి పడుతుంది. "ఉమ్ముతోంది" అనే ఫిర్యాదుల్లో చాలావరకు ఇదే.

నీళ్లలో కాస్త సిరా కలిపి కప్పులో పోసి, కాగితం మీద ఇవి చేయండి:

- 2 సెం.మీ. దూరం నుంచి ఒకే సైజు చుక్కలు, పది వరుసలు.
- స్కేలుతో గీసిన పెన్సిల్ గీతల మీదుగా తిన్నని గీతలు.
- 10 సెం.మీ. దూరం నుంచి ఒక చతురస్రాన్ని చారలు కనపడకుండా సమంగా నింపడం.

మూడోదే రైలు బాడీకి పనికొచ్చేది. తర్వాత అదే పని అసలు పెయింట్‌తో ప్లాస్టిక్ చెంచాల వీపు మీద చేయండి. కాగితం తడిని పీల్చేస్తుంది, కాబట్టి కారే పెయింట్‌నూ కాగితం మంచిదిగానే చూపిస్తుంది. చెంచా అబద్ధం చెప్పదు.

## 2. మోడల్‌ను విప్పడం

బాడీని అడుగు భాగం నుంచి వేరు చేయాలి. స్క్రూలు సాధారణంగా బోగీల పైన, పెట్టెలను కలిపే కొక్కెం (కప్లర్) దగ్గర, ఇంధన ట్యాంకు వెనుక దాక్కుంటాయి. స్క్రూలు లేకపోతే బాడీ లోపలి గోడలకు క్లిప్పులుంటాయి. రెండు పక్కలా పలచని ప్లాస్టిక్ కార్డు ముక్కలు దూర్చి వదులు చేయండి. స్క్రూడ్రైవర్‌తో ఎగదోస్తే అంచు చితుకుతుంది.

కిటికీ అద్దాలు, లైట్ల గొట్టాలు, పట్టుకమ్మీలు, పాంటోగ్రాఫ్ (కప్పు మీద పైతీగను తాకే భాగం), లోపలి డీసీసీ డీకోడర్ (డిజిటల్ పద్ధతిలో మోడల్‌ను నడిపే చిన్న సర్క్యూట్) అన్నీ తీయండి. విప్పేముందు నాలుగు వైపులా ఫొటోలు తీసి పెట్టుకోండి. తీసిన ప్రతి భాగాన్నీ అది ఏ చివరదో రాసిన సంచిలో వేయండి.

రంగు తగలకూడని చోట్లు: చక్రాల అంచులు, కరెంటు తీసుకునే రాగి పట్టీలు, గేర్లు, ఇరుసు రంధ్రాలు, బాడీ కూర్చునే క్లిప్పులు, కప్లర్ కదిలే భాగం. క్లిప్పుల సంగతి చాలామంది మరిచిపోతారు. అక్కడ రెండు పూతలు పడితే బాడీ పూర్తిగా దిగదు, పెట్టె ఒక పక్కకు ఎత్తుగా నిలబడుతుంది.

లైట్లున్న మోడల్ అయితే బాడీ లోపలి వైపు, బల్బు ఉండే చోట ముందుగా నలుపు కొట్టండి. లేదంటే చీకట్లో గోడ ప్లాస్టిక్ మొత్తం వెలుగుతూ కనిపిస్తుంది.

## 3. కడగడం

గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తని టూత్‌బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో బాగా కడిగి, మూత కింద రాత్రంతా ఆరనివ్వండి. వేడినీళ్లు వద్దు, పలచని బాడీ వంకరపోతుంది. ఇక్కడి నుంచి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. వేలి నూనె ఉన్న చోట పెయింట్ విడిపోయి చేపకన్నులా గుంటలు పడతాయి.

కంపెనీ రంగు తీసేయాలా? పూత పలచగా, నునుపుగా ఉంటే అక్కర్లేదు. 1500 నుంచి 2000 నంబర్ తడి ఉప్పు కాగితంతో మెల్లగా రుద్ది, పైకి తేలిన అక్షరాలను చదును చేస్తే చాలు. తీయాల్సి వస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలా రకాల రంగును మెత్తబరుస్తుంది. కానీ కొన్ని ప్లాస్టిక్‌లను పెళుసుగా మార్చేస్తుంది. ముందు బాడీ లోపల ఒక మూల పూసి అరగంట చూడండి, ఆ తర్వాతే నానబెట్టండి. ప్రతి పది నిమిషాలకు ఒకసారి తీసి చూస్తూ ఉండండి. రాత్రంతా వదిలేసి నిద్రపోవద్దు.

మెత్తగా వంగే పట్టుకమ్మీలు అసిటాల్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి కావచ్చు. దాని మీద మామూలు పెయింట్ నిలవదు, వంచితే పెచ్చులుగా ఊడుతుంది. వీలైతే వాటిని లోహపు తీగతో మార్చుకోండి. ఇత్తడి మోడల్ అయితే ప్లాస్టిక్ ప్రైమర్ పనికిరాదు, లోహాన్ని కొరికి పట్టే ఎచ్ ప్రైమర్ కావాలి.

## 4. ప్రైమర్

బాడీని లోపలి నుంచి చెక్క దిమ్మకు అంటించండి. దిమ్మను పట్టుకునే తిప్పాలి, బాడీని కాదు.

మామూలుగా బూడిదరంగు ప్రైమర్. పైన పసుపు, ఎరుపు, నారింజ వేసేట్లయితే తెలుపు. పసుపుకు కప్పే గుణం తక్కువ. బూడిద మీద వేస్తే ఐదు పూతలైనా ఆకుపచ్చ ఛాయ పోదు, అప్పటికి రివెట్లు పోతాయి.

ఒక పలచని పూత, పది నిమిషాల తర్వాత మరొకటి. ప్లాస్టిక్ రంగు పూర్తిగా కనపడకుండా పోవాల్సిన పని లేదు, అంతటా ఒకేలా బూడిదబారితే చాలు. స్ప్రే డబ్బా ప్రైమర్ వాడితే 20–25 సెం.మీ. దూరం నుంచి కొట్టండి.

ఆరాక టార్చి తీసుకుని బాడీ పక్కకు ఆనించినట్టు వాలుగా వెలుగు వేయండి. గీతలు, దుమ్ము, వేలిముద్రలు, జిగురు మచ్చలు అన్నీ ఇప్పుడే బయటపడతాయి. 2000 నంబర్ కాగితంతో సరిచేసి, ఆ చోట మళ్లీ కాస్త ప్రైమర్. ఇక్కడ వదిలేసిన గీత పై రంగు వేశాక ఇంకా బాగా కనిపిస్తుంది.

## 5. పెయింట్ కలపడం

అసలు కిటుకంతా ఇక్కడే. నిష్పత్తులు మొదలుపెట్టడానికి మాత్రమే:

- ఆల్కహాల్ యాక్రిలిక్: పెయింట్ 1, థిన్నర్ 1 నుంచి 1.5.
- నీటి యాక్రిలిక్, మామూలు సీసా: పెయింట్ 2, థిన్నర్ 1. ఎయిర్‌బ్రష్ కోసమే పలచన చేసి అమ్మేది అయితే పది చుక్కలకు ఒకటో రెండో చుక్కల థిన్నర్.
- ఎనామెల్: పెయింట్ 1, థిన్నర్ 1.

సీసాను కనీసం రెండు నిమిషాలు కలపండి. అడుగున పేరుకున్న రంగు కలవకపోతే పైన తేలిన ద్రవమే కప్పులోకి వస్తుంది, ఎంత కొట్టినా రంగు పట్టదు. వేరే కప్పులో ముందు థిన్నర్, తర్వాత పెయింట్ పోసి కలపండి. ఎయిర్‌బ్రష్ కప్పులో నేరుగా చిక్కటి పెయింట్ పోస్తే అది తిన్నగా నాజిల్ అడుగుకు చేరి కూర్చుంటుంది.

పరీక్ష: కలిపిన రంగును పుల్లతో కప్పు గోడకు రాయండి. నీళ్లు కలిపిన పాలలా జారి, వెనుక పలచని పొర వదలాలి. జారకుండా మెల్లగా పాకితే చిక్కగా ఉంది. పొర మిగలకుండా నీళ్లలా దిగిపోతే మరీ పలచన. తర్వాత చెంచా మీద కొట్టి చూడండి. కప్పు గోడ మీద పాసైన రంగు చెంచా మీద తప్పడం ఉంది, చెంచా మాటే చివరి మాట.

1:87లో 26 సెం.మీ. పొడవున్న పెట్టెకు ఒకే రంగు అయితే కలిపిన పెయింట్ 8–10 మి.లీ. సిద్ధంగా పెట్టుకోండి. మధ్యలో అయిపోయి మళ్లీ కలిపితే ఛాయ తేడా వచ్చే అవకాశముంది, ముఖ్యంగా రెండు రంగులు కలిపి తయారుచేసినప్పుడు. ఒక రైలుకు ఆరు పెట్టెలుంటే ఆరింటికీ ఒకేసారి కలిపి సీసాలో పోసుకోండి. వడగట్టి పోసుకుంటే ఇంకా మంచిది.

## 6. ఒత్తిడి

బాడీ రంగుకు 15–20 పీఎస్ఐ, అంటే సుమారు 1–1.4 బార్. ట్రిగ్గర్ నొక్కి గాలి వదులుతూనే రెగ్యులేటర్‌ను సరిచేయాలి. గాలి ఆగి ఉన్నప్పుడు ముల్లు ఎక్కువ చూపిస్తుంది, గాలి వెళ్తుంటే పడిపోతుంది. ఆగి ఉన్నప్పుడు 15 పెట్టి, నిజానికి 10తో కొడుతూ "తుంపర పెద్దగా వస్తోంది" అనుకునేవారు చాలామంది.

పెయింట్ చిక్కగా ఉందని ఒత్తిడి పెంచకండి. పలచన చేయండి. ఒత్తిడి పెంచితే తుంపర దారిలోనే ఆరి పొడిలా అతుక్కుంటుంది.

పని మొదలెట్టే ముందు ఫిల్టర్‌లో, ట్యాంకులో చేరిన నీళ్లు వదిలేయండి. ఉక్క వాతావరణంలో ఇది మరీ ముఖ్యం, గొట్టంలోంచి ఒక్క నీటి బొట్టు వచ్చినా పూత మధ్యలో గుంట పడుతుంది.

## 7. రంగు కొట్టడం

దూరం 10 సెం.మీ. అటూ ఇటూ. చేయి బాడీకి సమాంతరంగా కదలాలి. మణికట్టు తిప్పితే చివర్లు దూరమై మధ్యలో మందం అవుతుంది. మణికట్టు బిగించి మోచేతి నుంచి కదపండి.

1. ముందు కష్టమైన చోట్లు: బాడీ రెండు చివర్లు, పెట్టె పైకప్పు అంచు కింద, తలుపు లోతులు, కిటికీ చట్రాల లోపలి అంచులు. వీటిని ఆఖరికి వదిలితే వాటి కోసం కొట్టే తుంపర అప్పటికే నునుపుగా ఉన్న పక్కల మీద పొడిగా వాలుతుంది.
2. పక్క గోడలు: బాడీ మొదలవడానికి 3 సెం.మీ. ముందే గాలి, రంగు రెండూ మొదలుపెట్టి, చివర దాటి 3 సెం.మీ. వెళ్లాక ఆపండి. బాడీ మీద ఎప్పుడూ మొదలుపెట్టొద్దు, బాడీ మీద ఎప్పుడూ ఆగొద్దు.
3. ప్రతి చార ముందు చారను సగం కప్పాలి. 26 సెం.మీ. పెట్టెను ఒకసారి దాటడానికి రెండు మూడు సెకన్లు.
4. మొదటి పూత మంచు పట్టినట్టు ఉంటే చాలు. కింది రంగు కనపడాలి. ఐదు పది నిమిషాలు ఆగండి.
5. రెండో పూత, మూడో పూత కాస్త తడిగా. తడి అంటే ఏమిటి? కొట్టిన చోటును లైటు కింద చూస్తే రెండు మూడు సెకన్లు మెరిసి మందగించాలి. మెరుపే లేకుంటే పొడిగా పడుతోంది: ఇంకా దగ్గరికి రండి లేదా ఇంకొంచెం థిన్నర్. మెరుపు కదులుతుంటే కారబోతోంది: ఆపండి.

కారిందా? తుడవకండి. బాడీని పడుకోబెట్టి వదిలేయండి. పూర్తిగా గట్టిపడ్డాక 2000 నంబర్ తడి కాగితంతో చదును చేసి మళ్లీ ఒక పలచని పూత. తడిమీద వేలు పెట్టినవారెవరూ బాగుపడలేదు.

ఆరేదాకా దుమ్ము పడకుండా పైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి. తాకితే అంటకపోవడం వేరు, గట్టిపడడం వేరు. యాక్రిలిక్ అయితే టేప్ వేయడానికి 24 గంటలు ఆగండి. ఎనామెల్‌కు కొన్ని రోజులు పడుతుంది. ముక్కు మంచి పరికరం: దగ్గర పెట్టుకుంటే ఇంకా థిన్నర్ వాసన వస్తోందంటే లోపల ఇంకా మెత్తగా ఉంది. అదీ కాక బాడీ లోపలి వైపు పడ్డ రంగును గోటితో నొక్కండి, గీత పడితే ఇంకో రోజు.

## 8. రెండో రంగు, చారలు

లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. నీలం పెట్టెకు పసుపు చార కావాలంటే, ముందు చార ఉండే చోట పసుపు కొట్టి, ఆరాక చార వెడల్పున కోసిన టేప్‌తో దాన్ని కప్పి, అప్పుడు మొత్తం నీలం కొట్టండి. నీలం మీద పసుపు వేయాలనుకోవడం కొత్తవారి తొలి తప్పు.

1. టేప్‌ను అద్దం మీద అంటించి, కొత్త బ్లేడ్‌తో అంచు కోసి వాడండి. చుట్ట అంచుకు దుమ్ము పట్టి ఉంటుంది.
2. అంచును టూత్‌పిక్‌తో నొక్కుతూ వెళ్లండి. తలుపు సందులు, రివెట్ల వరుసలు, బాడీ నిలువు గట్లు ఉన్న చోట మరీ జాగ్రత్త, కారేది అక్కడే.
3. టేప్ నిజంగా తిన్నగా ఉందా? కిటికీల కింది అంచు నుంచి దూరం మూడు చోట్ల కొలవండి. కంటితో చూసి నమ్మొద్దు.
4. టేప్ అంచు వెంట ముందు కింది రంగునే, అంటే పసుపునే, లేదా గ్లాసీ క్లియర్‌ను ఒక పలచని పూత కొట్టండి. టేప్ కింద దూరే సందులను అదే మూసేస్తుంది. దూరినా పసుపులో పసుపే, కనపడదు.
5. పది నిమిషాల తర్వాత నీలం, పలచగా, రెండు మూడు పూతలు. టేప్ వైపు నుంచి బయటికి కొట్టండి, టేప్ అంచు కిందికి ఎదురుగా కొట్టొద్దు.
6. తాకితే అంటనంత ఆరగానే, యాక్రిలిక్‌లో సుమారు 20–30 నిమిషాలకు, టేప్ తీయండి. పైకి లాగొద్దు, టేప్‌ను దాని మీదికే మడిచి, బాడీకి ఆనించినట్టు మెల్లగా వెనక్కి లాగండి. రెండు రోజులు వదిలేస్తే అంచు గట్లు కట్టి పెళ్లలుగా లేస్తుంది.

కాస్త దూరిన చోట ఉంటే, గట్టిపడ్డాక టూత్‌పిక్ మొనను థిన్నర్‌తో తడిపి మెల్లగా గీరితే చాలావరకు పోతుంది. మిగతాది సన్న కుంచెతో.

## 9. అక్షరాలు, చివరి క్లియర్

నీటి డీకాల్స్ (నీళ్లలో తడిపి అంటించే అక్షరాల స్టిక్కర్లు) మ్యాట్ రంగు మీద వేయకూడదు. గరుకు ఉపరితలంలో గాలి చిక్కుకుని, అక్షరాల చుట్టూ వెండిలా తెల్లగా మెరుస్తుంది. ముందు గ్లాసీ క్లియర్ రెండు పలచని పూతలు వేసి ఒక రోజు ఆగండి. డీకాల్ అంటించి, మెత్తబరిచే ద్రవం పూసి, ముడతలు పడినా ముట్టుకోకుండా వదిలేయండి, ఆరేసరికి అవే సర్దుకుంటాయి. వెండి మెరుపు మిగిలితే సన్న సూదితో పొడిచి అదే ద్రవం ఒక చుక్క.

మర్నాడు తడిగుడ్డతో జిగురు మరకలు తుడిచి, సాటిన్ క్లియర్. అద్దంలా మెరిసే పెట్టె చిన్న స్కేల్‌లో బొమ్మలా కనిపిస్తుంది, కొత్తగా రంగు వేసిన రైలు అయినా సరే. మొదటి క్లియర్ పూత మంచులా పలచగా ఉండాలి. ఒకేసారి తడిపేస్తే డీకాల్ మళ్లీ ముడుచుకుంటుంది.

కిటికీ అద్దాలు అన్నిటికంటే చివర్న. మ్యాట్ క్లియర్ వాటి మీద పడితే మసకేస్తాయి. వాటిని సూపర్ గ్లూతో అంటించకండి, దాని ఆవిరికి కూడా తెల్ల మసక కడుతుంది. తెల్ల పీవీఏ జిగురు చాలు.

## 10. శుభ్రం చేయడం, వాయిదా వేయకుండా

రంగు మార్చేటప్పుడు: కప్పు ఖాళీ చేసి, తుడిచి, థిన్నర్ పోసి కాగితం మీద కొట్టండి. రంగు లేకుండా వచ్చేదాకా రెండు మూడు సార్లు. మధ్యలో ఒకసారి నాజిల్ ముందు గుడ్డ అడ్డం పెట్టి కాస్త గాలి వదిలితే బుడగలు వెనక్కి తన్ని లోపలి రంగు వదులుతుంది. కప్పుకు మూత పెట్టి చేయండి, మొహం మీదికి చిమ్ముతుంది.

రోజు పని ముగిశాక: వెనుక నట్టు వదులు చేసి సూదిని తీసి, వెనుక నుంచి మొన వైపు గుడ్డతో తుడవండి. ఎదురు తుడిస్తే మొన వంగుతుంది, వేలికీ గుచ్చుకుంటుంది. నాజిల్ విప్పి సన్న బ్రష్‌తో లోపల తిప్పండి. తిరిగి బిగించేటప్పుడు ఆనగానే ఆపండి. ఇంత చిన్న మరలు బలంతో తెగిపోతాయి, నాజిల్ పగిలితే కొత్తది కొనడమే. గన్ మొత్తాన్ని థిన్నర్‌లో నానబెట్టొద్దు, లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బుతాయి.

శుభ్రమైందో లేదో ఎలా తెలుస్తుంది? మంచినీళ్లు లేదా థిన్నర్ పోసి తెల్లకాగితం మీద కొట్టండి: రంగు ఛాయ ఉండకూడదు, తుంపర గుండ్రంగా, మధ్యలో ఉండాలి. ఒక పక్కకు పోతే సూది మొన వంగింది లేదా నాజిల్‌లో ఏదో ఇరుక్కుంది.

## ఏది తప్పితే ఏమవుతుంది

ఇసుకలా గరుకు: తుంపర గాలిలోనే ఆరింది. దగ్గరికి రండి, ఒత్తిడి తగ్గించండి, థిన్నర్ పెంచండి. ఒక్కోసారి ఒక్కటే మార్చండి, మూడూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

నారింజ తొక్కలా గుంటలు: పెయింట్ చిక్కగా ఉంది, పరుచుకునేలోపే బిగుసుకుంది.

సాలీడు కాళ్లలా పాకడం: మరీ పలచన, మరీ దగ్గర, లేదా ట్రిగ్గర్ ఎక్కువ లాగారు.

కొడుతూ కొడుతూ రంగు ఆగిపోవడం: సూది మొన మీద పెయింట్ ఎండింది. క్లీనర్‌తో తడిపిన ఇయర్ బడ్‌తో మొనను తుడవండి. నీటి యాక్రిలిక్‌తో ఇది ప్రతి కొన్ని నిమిషాలకూ మామూలే. ఒకటి రెండు చుక్కల రిటార్డర్ (పెయింట్ నిదానంగా ఆరేలా చేసే ద్రవం) కలిపితే తగ్గుతుంది.

కప్పులో బుడగలు: నాజిల్ వదులుగా ఉంది, పగిలింది, లేదా ముందు ఏదో అడ్డం పడి గాలి వెనక్కి తంతోంది.

ట్రిగ్గర్ లాగినా రంగు రాదు, గాలి వస్తుంది: కప్పు అడుగున గడ్డ, లేదా సూదిని పట్టే నట్టు బిగించడం మరిచిపోయారు. రెండోదే ఎక్కువ.

టేప్‌తో పాటు రంగు ఊడింది: కడగలేదు, లేదా ఆరలేదు. పై రంగుతో సరిచేయడం దండగ, ఆ పక్క ప్రైమర్ దాకా తీసి మళ్లీ మొదలు. ఈ ప్రమాదం ముందే తెలుసుకోవాలంటే బాడీ లోపలి అంచున చిన్న టేప్ ముక్క అంటించి లాగి చూడండి.

## బోగీలకు, అడుగు భాగానికి పాతదనం

ఇది బాడీ కంటే తేలిక, తప్పు చేసినా మట్టిలో కలిసిపోతుంది. ముదురు గోధుమరంగులో కాస్త నలుపు, కాస్త తుప్పు రంగు. పెయింట్ 1, థిన్నర్ 8–10. ఒత్తిడి 10–12 పీఎస్ఐ. 5 సెం.మీ. దూరం నుంచి బోగీల పక్కల మీద, బాడీ కింది అంచు మీద పొగలా వేయండి. మొదట ఏమీ పడలేదనిపిస్తుంది. ఆగి, ఆరనిచ్చి చూడండి, తడిలో కనపడని రంగు ఆరాక కనిపిస్తుంది. బ్రేకు దుమ్ము బోగీల దగ్గర చిక్కగా, బాడీ పైకి వెళ్లేకొద్దీ పలచగా ఉండాలి. డీజిల్ ఇంజిన్ కప్పు మీద పొగగొట్టం చుట్టూ మసి నలుపు, వెనక్కి కాస్త సాగినట్టు.

చక్రాల ముఖాలకు రంగు వేసేటప్పుడు చక్రం తిప్పుతూ కొట్టండి, లేకపోతే చువ్వల నీడ అలాగే అచ్చు పడుతుంది. ఆ వెంటనే, పెయింట్ గట్టిపడకముందే, పట్టాలను తాకే అంచును థిన్నర్‌తో తడిపిన ఇయర్ బడ్‌తో తుడిచేయండి. తర్వాత పెట్టెను పట్టాల మీద పెట్టి, లైట్లున్న పెట్టె అయితే ట్రాక్‌కు కరెంటిచ్చి, రెండు వైపులా నడిపి చూడండి. లైటు మినుకుమినుకుమంటే ఎక్కడో ఒక చక్రం మీద ఇంకా రంగుంది.